చెడిన లోకముల కథలు – మన పిల్లల తలపోతలు



నేను దొరవారిసత్రమువాడను. 2022వ సంవత్సరమువరకు మా యూరు నెల్లూరుజిల్లాలోనిది, ఇప్పుడు తిరుపతిజిల్లాలోనిది. జిల్లా మారినను ఊరిపేరు మారలేదు, అందలి సత్రమును మారలేదు. చెన్నపట్టణమునుండి ఉత్తరమునకు పోవు పెద్దబాట ప్రక్కనున్న యూరికి ఆ పేరు తగియే యున్నది. బాటసారి దిగినచోట కథయు దిగును. మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీకథలను మీలో పెక్కుమంది చదివియుందురు. అందు మణిసిద్ధుని వెంట కాశికి బయలుదేరిన గొల్లపిల్లవాడు, త్రోవలో తాను చూచిన వింతకు మజిలీయందు కారణము చెప్పవలెనని ముందే నిబంధన చేసికొనెను. వానికి కథ యనిన అంత ప్రాణము. కథలోని మనుష్యుని గూర్చి 'వీడు ఇట్లేల చేసెను? మరియొకరీతిగ చేయరాదా?' అని తలపోయుచుండు ఇట్టివారిని నేటి పిల్లలు ఫ్యాన్లు అనుచున్నారు. మనము అభిమానులందము. ఇప్పటి అభిమానులు ఎట్టి కథలను మెచ్చుచున్నారు, అందలి పాత్రలను గూర్చి యేమి తలపోయుచున్నారు, దానిని పెద్దలమగు మనము ఏల వినవలెను అనునదే నేటి ప్రసంగవిషయము.

పిల్లలు మెచ్చు కథలు ముఖ్యముగ రెండు విధములు. మొదటివి సాహసకథలు. ఇవి మనకు క్రొత్తవి కావు. బాలనాగమ్మకథలో మాయలఫకీరు ప్రాణము ఏడుసముద్రముల కావల చిలుకలో నుండుటయు, చిన్నవాడగు బాలవర్ధిరాజు పోయి దానిని పట్టుటయు మనము బుర్రకథలలో వినినదే. 1942లో జెమినీవారు దానిని చలనచిత్రముగ కూడ తీసిరి. రెండవవి, నేను చెడినలోకపు కథలని పిలుచునవి. ఇంగ్లీషువారు వీనిని డిస్టోపియా కథలందురు. గ్రీకుమాటలనుండి కూర్చిన యీ పదమునకు చెడ్డతావు అని యర్థము. వీనిలో కాలము సాధారణముగ రాబోవునది. పాలించువారి బలమునకు మితి లేదు. ప్రజలు భయముచేతనో, అలవాటుచేతనో తలవంచి బ్రదుకుచుందురు. అట్టిచోట ఒక సామాన్యుడో, ఒక చిన్నపిల్లయో తల యెత్తుదురు. కథ అచ్చట మొదలగును.

ఇట్టివానిలో ప్రసిద్ధమైనదానిని జార్జి ఆర్వెల్ అను ఆంగ్లేయుడు వ్రాసెను. ఆయన 1903లో మన దేశమందే, బీహారులోని మోతీహారిలో పుట్టినవాడు. 1949లో వెలువడిన ఆ నవలకు 'నైన్టీన్ ఎయిటీఫోర్' అని పేరు. అందలి విన్‌స్టన్ అనువాని యుద్యోగ మేమనగా, పాతపత్రికలలో ప్రభుత్వమునకు నచ్చని సంగతులను దిద్ది, అవి యెన్నడును జరుగలేదనునట్లు చేయుట. అడంగలులో పేరు మారిన భూమి చేయి మారుట యెట్టిదో గ్రామములలోనివారమగు మన కెరుకయే. ఆ కథలో ఒక దేశపు జ్ఞాపకమంతయు అడంగలువలె దిద్దబడుచుండును.

తెలుగువారును ఈ త్రోవ త్రొక్కకపోలేదు. మన ఉదయగిరిలో 1931లో జన్మించిన సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో 'ఆదిత్య 369' అను చలనచిత్రమును తీసిరి. అందలివారు కాలయంత్ర మెక్కి ఒకమారు శ్రీకృష్ణదేవరాయల కాలమునకును, మరియొకమారు భవిష్యత్తునకును పోవుదురు. ఆ భవిష్యత్తులో మహాయుద్ధముచేత భూమి పాడై, మనుష్యులు నేలక్రింద కాపురముందురు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.' అను చిత్రమునకు నాగ్ అశ్విన్‌గారు దర్శకులు. కథావిషయమున సింగీతంవారు మార్గదర్శకులు. ఆ కథాకాలమునకు గంగ యెండిపోయినది. లోకమున కాశి యొక్కటియే నగరముగ మిగిలినది. ఆ నగరముపైని కాంప్లెక్స్ అను గొప్పకట్టడము వ్రేలాడుచుండును. నీరు, పచ్చదనము, పండ్లు అన్నియు అందే. క్రిందివారికి దుమ్ము.

ఇట్టి అమంగళపు కథలు పిల్లల కేల యని మీరడుగవచ్చును. నేనును అట్లే యనుకొంటిని. అనుకొనుటయే కాదు, ఒక పొరపాటును చేసితిని. దానిని దాచక చెప్పుట నాకు న్యాయము.

నా మనుమరాలు తొమ్మిదవతరగతి చదువుచుండగా, స్నేహితురాలివద్దనుండి ఒక ఇంగ్లీషునవల తెచ్చుకొనెను. దానిపేరు 'హంగర్ గేమ్స్'. ఆకలి యాటలు అనవచ్చును. సుజాన్ కాలిన్స్ అను అమెరికారచయిత్రి 2008లో ప్రకటించినది. పిల్లలచేత పిల్లలను చంపించుట ఆ కథలోని యాట యని విని నాకు కోపము వచ్చినది. పుస్తకమును తీసి అటకపై పెట్టితిని. పిల్ల మారుపలుకలేదు. అదివరకు బడినుండి రాగానే నా మంచముకోడుపై కూర్చుండి ఏవేవో కథలు చెప్పునది. ఆ దినము మొదలు అది నిలిచిపోయినది. అడిగినదానికి జవాబు చెప్పును, తానై మాటాడదు. పిల్ల బుద్ధిమంతురాలైనదని నేను పదిదినములు సంతోషించితిని.

పదునొకండవదినమున నా కండ్లద్దములకొరకు వెదకుచుండగా ఆమె నోటుపుస్తకమొకటి చేతికి తగిలినది. లెక్కల పుస్తకమనుకొని తెరచితిని. అందు కథలలోని పాత్రలను గూర్చి ఆమెయు, ఆమె స్నేహితులును అనుకొన్న మాటలున్నవి. ఒకరు వ్రాసినదానికి వేరొకరు క్రింద బదులు వ్రాసియున్నారు. పరులవ్రాత చదువుట తగదని తెలిసియు చదివితిని. అందలి కొన్ని తలపోతలను మీకు విన్నవించెదను.

మొదటిది భైరవుని గూర్చి. కల్కి చిత్రములో ప్రభాస్‌గారు ధరించిన పాత్ర యిది. వాడు బలశాలి, హాస్యగాడు, చూచువారికి ప్రీతిపాత్రుడు. అయినను వాని కోరిక యొక్కటే: పది లక్షల యూనిట్లు కూడబెట్టి కాంప్లెక్స్‌లో ప్రవేశించుట. గర్భవతియగు సుమతి యనునామె అచ్చటినుండి ప్రాణము దక్కించుకొని పారిపోగా, ఆమెను పట్టి అప్పగించినచో తనకు ప్రవేశము దొరకునని వాడు వెంటబడును. ఒక పిల్లవాడు 'భైరవుడు దుష్టుడు కాడు గదా, వాని నేల తప్పుపట్టవలెను?' అని వ్రాసినాడు. దానిక్రింద మా మనుమరాలు, 'దుష్టుడు కాడు. మనవంటివాడు. అందుకే నాకు భయము. లోపలికి పోవుటకు చోటు దొరకునన్న మనలో ఎందరము వెలుపలివారి మొగము చూతుము?' అని వ్రాసినది. ఈ మాట ఏ పురాణములోనో వ్యాఖ్యానముగ విన్నచో మనము తలయూచియుందుము.

రెండవది అశ్వత్థామను గూర్చి. సౌప్తికపర్వకథ మీకు తెలిసినదే. అర్ధరాత్రమున నిద్రించుచున్న ఉపపాండవులను చంపినవాడు; ఉత్తరగర్భముపై బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించినవాడు; శ్రీకృష్ణునిచే మూడువేలయేండ్లు దిక్కులేక తిరుగునట్లు శాపము పొందినవాడు. చిత్రకథలో ఆయన వేలయేండ్ల వృద్ధుడై, సుమతి గర్భమును కాపాడుటకు నిలుచును. గర్భమును చంపబోయినవాడే గర్భమునకు కావలి. ఈ సంగతి నేను మా రచ్చబండవద్ద చెప్పగా, భారతము బాగుగ తెలిసిన పెద్దమనిషి యొకడు, 'పాపాత్ముని గొప్పచేయుటకు వీరికెవరు అధికారమిచ్చిరి?' అని కోపించెను. ఆయన మాటయందును బలము కలదు. వ్యాసభారతమున అశ్వత్థామకు అట్టి విమోచనము లేదు. నోటుపుస్తకములో పిల్లలును ఈ తగవే పడిరి. వారు తేల్చుకొన్న దేమనగా: ఆయన పాపము పోలేదు, నొసటి గాయమును మానలేదు; చేయవలసిన పని మాత్రము దొరికినది. తప్పు చేసినవానికి క్షమ దొరకకపోయినను పని దొరకవలెనని ఆ పిల్లల తీర్పు. దానిని చదివి నేను చాలసేపు పుట తిప్పలేదు.

మూడవది, నేను అటకపై పెట్టిన పుస్తకములోని కాట్నిస్ అను బాలికను గూర్చి. ఆ కథను మీకు చెప్పుటకు ముందు ఆదిపర్వములోని ఏకచక్రపురమును జ్ఞాపకము చేసికొనుడు. ఊరివెలుపల బకాసురుడు. వాడు ఊరిని ఒక్కమారుగ మ్రింగకుండుటకై ఊరివారు ఒప్పందము చేసికొనిరి. వంతుప్రకారము ఇంటింటినుండి బండెడన్నము, రెండు దున్నపోతులు, ఒక మనిషి. ఆ దేశమునకు రాజు లేకపోలేదు. ఉన్నవాడు దుర్బలుడు, ప్రజలను కాపాడువాడు కాడు. పాండవులు తలదాచుకొన్న బ్రాహ్మణుని యింటికి వంతు వచ్చినది. అప్పుడు తండ్రి తాను పోయెదననును, తల్లి తాను పోయెదననును, కూతురు తాను పోయెదననును. ఇంకను మాటలు సరిగ రాని చిన్నకొడుకు ఒక పుల్ల చేతబట్టి, దీనితో రాక్షసుని చంపెదననును. ఏడ్చుచున్నవారు ఆ మాటకు నవ్వుదురు. కుంతీదేవి ఆ నవ్వును, ఆ యేడుపును విని, తన కైదుగురు కొడుకులు గలరని చెప్పి భీముని పంపును.

ఇక కాట్నిస్ కథ. పానెమ్ అను దేశమున పండ్రెండు మండలములు. రాజధానివారు భోగులు, మండలములవారు పస్తులు. మండలములు ఒకప్పుడు తిరుగబడినందుకు శిక్షగా, ఏటేట మండలమునకు ఒక బాలుడు, ఒక బాలిక చొప్పున చీటివేసి యెత్తి, మొత్తము 24 మందిని ఒకచోట విడుతురు. తుదకు ఒక్కరు మిగులువరకు వారు పోరవలెను. దేశమంతయు ఆ పోరును తెరపై చూడవలెను. పండ్రెండేండ్లు మొదలు పదునెనిమిదేండ్లవరకు గల పిల్లల పేర్లన్నియు చీటిలో నుండును. అందును ఒక కిటుకు కలదు. ఇంట గింజలు లేనివారు మరియొకమారు తమపేరు వేయించుకొన్నచో ఒకమనిషికి ఏడాదికి సరిపడు ధాన్యమును, నూనెయు కొలది కొలదిగ నిత్తురు. ధనికుని బిడ్డకు చీట్లు కొన్నియే, పేదబిడ్డకు పెక్కు. పదునారేండ్ల కాట్నిస్ తండ్రి బొగ్గుగనిలో చనిపోయినవాడు. తల్లిని, చెల్లెలిని పోషించుటకై ఆమె విల్లుతో వేటాడును; గింజలకొరకు తనపేరు ఇరువదిచీట్లపై వ్రాయించినది. చెల్లెలు ప్రిమ్‌కు పండ్రెండేండ్లు, చీటి ఒక్కటే. ఆ ఒక్కచీటియే చేతికి వచ్చినది. కాట్నిస్ ముందునకు వచ్చి, చెల్లెలికి బదులు నేను పోయెదనని చెప్పును.

ఇది బకాసురుని బండియే యని మీరు గ్రహించియుందురు. రచయిత్రి తనకు గ్రీకులకథ యొకటి ఆధారమని చెప్పియున్నది. ఏథెన్సునగరమువారు క్రీటు రాజునకు ఏడుగురు బాలురను, ఏడుగురు బాలికలను కప్పముగ పంపగా, ఎద్దుతలగల మనుష్యుడొకడు వారిని భక్షించుచుండెను. థీసియస్ అను రాకుమారుడు తానై ఆ కప్పములో నొకడుగ పోయి వానిని చంపెను. ఏ దేశమునకు ఆ దేశమే ఒక బండి తోలుచుండిన దన్నమాట. తానై బండి యెక్కినవానిని ఆ దేశము మరువలేదు.

కాట్నిస్‌ను మెచ్చినవారు పుస్తకముతో నిలువలేదు. ఆ కథలో ఆమె మండలమువారు ఆమెకు వీడ్కోలుగా మూడువ్రేళ్లను పెదవులకు తాకించి పైకెత్తుదురు. ప్రీతిపాత్రులకు చూపు మర్యాద యది. 2014లో థాయిలాండుదేశమున సైన్యము రాజ్యమును చేజిక్కించుకొన్నప్పుడు, ఇష్టములేనివారు వీథులలో నిలిచి ఆ మూడువ్రేళ్లే యెత్తిరి. 2021లో బర్మాలోను అట్లే జరిగినది. ఒక రచయిత్రి కల్పించిన గురుతు, ఆయుధము లేనివారి నోటిమాటయైనది. కథాపాత్రలను గూర్చి తలపోయుట పనిలేనివారి పని యని మనము తీసివేయుటకు వీలులేదు.

మనుమరాలి నోటుపుస్తకములో ఈ భాగము చివర రెండు ప్రశ్నలున్నవి. ఒకటి: 'ఏకచక్రపురములో వంతు అయిపోయినవాళ్లు తరువాత ఏమి చేశారు?' రెండవది: 'మన ఇళ్లలో చీటి ఎవరి పేరుమీద పడుతుంది?'

మొదటిదానికి నాకు జవాబు తెలియదు, కవి చెప్పలేదు. రెండవదానికి జవాబు నాకు తెలియును.

నాకొక చెల్లెలు కలదు. చిన్నప్పుడు నాకంటె చురుకైనది. ఎక్కము నేను రెండుమారులు చదువునప్పటికి ఆమె అప్పజెప్పునది. అయిదవతరగతి కాగానే, ఇద్దరిని నాయుడుపేటకు పంపి చదివించుటకు ఇంట శక్తి చాలదని మా తండ్రిగారు చెప్పిరి. నేను నాయుడుపేటకు పోతిని. ఆమె గొడ్లకు మేత వేయుచు ఇంట నిలిచినది. మా తండ్రిగారు చెడ్డవారు కారు. ఊరిలో అందరును చేసినదే ఆయనయు చేసెను. ఎవరును చీటి వేయలేదు. వేసినను నాపేరు అందులో లేదు. అరువదియేండ్లుగ నేను దానిని తప్పుగ తలచినవాడనుకాను. వంతు అయిపోయిన యింటివాడనై సుఖముగ నుంటిని.

ఆ సాయంకాలము అటకపైనుండి పుస్తకమును దింపితిని. మనుమరాలిచేత పెట్టి, నోటుపుస్తకము చదివిన తప్పును ఒప్పుకొంటిని. ఆమె కొంచెముసేపు నామొగము చూచి, 'అయితే ఎక్కడిదాకా చదివావు తాతా?' అనినది. పిమ్మట సంక్రాంతికి మా చెల్లెలు వచ్చినప్పుడు, మనుమరాలు రాత్రులయందు ఆ కథనంతయు తెలుగున ఆమెకు చెప్పినది. నేను ప్రక్కమంచముపై నుండి వినుచుంటిని. చీటి తీసిన ఘట్టమును విని, మా చెల్లెలు మెచ్చుకొని కంటతడి పెట్టునని యనుకొంటిని. ఆమె తడి పెట్టలేదు.

'ఆ పిల్ల తనంతట తాను పోయింది అన్నా,' అనినది నాతో. 'నన్ను పంపించినారు. రెండూ ఒకటి కాదు.'

నేనేమియు పలుకలేకపోతిని. ఆమె మరల మనుమరాలివైపు తిరిగి, 'ఊఁ, తరువాత?' అనినది.

శ్రోతలారా, విద్వాంసులు ఇట్టి కథలను గూర్చి గ్రంథములు వ్రాసియున్నారు. త్యాగమనగా ఏమి, నిర్బంధమనగా ఏమి యని వాదించియున్నారు. అయిదవతరగతితో చదువు నిలిచిన మా చెల్లెలు ఆ రెంటికిని గల భేదమును రెండుమాటలలో చెప్పినది. ఇంట నొకరు కష్టపడి మరియొకరు పైకి వచ్చినప్పుడు మనము దానికి త్యాగమని పేరు పెట్టి తృప్తిపడుదుము. ఆ పేరు పెట్టుటకు ముందు, వారు తామై పోయిరా, మనము పంపితిమా అని అడుగవలసియున్నది. చెడినలోకపు కథ మనచేత ఈ ప్రశ్న వేయించును. లోక మెచ్చటనో రాబోవుకాలమున చెడినదని చెప్పుచు, చెడుట యెచ్చట మొదలగునో చూపును. అది రాక్షసునివద్ద కంటె ముందు, ఊరివారందరు వంతుకు ఒప్పుకొన్న దినమున మొదలైనది.

ఇంక పెద్దలకు నా మనవి. పిల్లల కథలన్నియు మంచివని నేను చెప్పను. రక్తమును వేడుకగ చూపునవియు కలవు; వయస్సునకు తగనివియు కలవు. వానిని మనము వారించవలసినదే. అయితే వారించుటకు ముందు ఒక్కప్రశ్న యడుగుడు: 'ఈ కథలో నీకెవరు ఇష్టము? ఏల?' బలవంతుడు గనుక ఇష్టమని చెప్పినచో, బలముతో వాడేమి చేసెనని మరల అడుగుడు. పిల్లలు చెప్పుదురు. మన భారతమునుండి, బాలనాగమ్మకథనుండి సాటి చెప్పుడు. వారు విందురు. బకాసురునికథ మా మనుమరాలికి నేను చెప్పినదే. ఆమెకు ఏకచక్రపురము తెలియకున్నచో ఆ రెండుప్రశ్నలును పుట్టియుండవు. మన మిచ్చిన విత్తనమే వారిచేతిలో మరియొక నేలలో మొలచుచున్నది.

మా యూరినుండి చూచినచో శ్రీహరికోటలో ఎగయు రాకెట్టు వెలుగు కనబడును. మా తరమువారికి అది వింత. మా మనుమలకు నిత్యవిషయము. వారు బ్రదుకవలసిన కాలము రాబోవు కాలమే గనుక, అది చెడినచో నెట్లుండునని వారు ముందుగ తలచి చూచుట తప్పుగాదు. ఆ చెడిన లోకమునందు తాము భైరవునివలె ద్వారముకొరకు పరుగెత్తుదురో, కాట్నిస్‌వలె ముందునకు వత్తురో యని ఇప్పుడే తమలో తాము విచారించుకొనుచున్నారు. ఆ విచారము జరుగుచోట పెద్దలకును ఒక పీట కావలెను.

మా మంచముకోడుపై మనుమరాలు మరల కూర్చుండుచున్నది. ఇప్పుడు ప్రశ్న లడుగువాడను నేను. మజిలీ మారినది, గొల్లపిల్లవాని స్థానమున ముసలివాడు కూర్చున్నాడు. మీయిండ్లలోను అట్లే జరుగవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.